డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులో బ్రీత్ ఎనలైజర్ రీడింగును సవాలు చేయడం: మొదటి గంట నుంచి అప్పీలు దాకా

"యంత్రం చూపించిన అంకె తప్పని కోర్టులో ఎలా నిరూపించాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. అడిగే తీరులోనే ఒక పొరపాటు ఉంది. అంకె తప్పని నిరూపించే భారం ముద్దాయి మీద లేదు. ఆ అంకె నమ్మదగినదని, దాన్ని చట్టం చెప్పిన పద్ధతిలోనే తీసుకున్నామని చూపాల్సింది ప్రాసిక్యూషన్. మీ పనల్లా ఆ నమ్మకానికి ఆధారమైన కాగితాలను ఒక్కొక్కటిగా అడిగి, వాటిలో లేనిదేమిటో మేజిస్ట్రేటు కళ్లముందు పెట్టడం.

ఈ మార్గదర్శి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 185 కింద మాత్రమే నమోదైన కేసులకు ఉద్దేశించింది. ప్రమాదం జరిగి ఎవరైనా గాయపడినా, ప్రాణం పోయినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు వచ్చి చేరతాయి. అటువంటి కేసును దీని సాయంతో నడపవద్దు.

మరొక మాట కూడా ముందే చెప్పాలి. రీడింగు (100 మిల్లీలీటర్ల రక్తానికి మిల్లీగ్రాముల్లో) 150, 200 వచ్చిన కేసులో యంత్రపు చిన్నచిన్న లోపాలు మిమ్మల్ని కాపాడవు. ఇక్కడ చెప్పే శాస్త్రం ఎక్కువగా పనికొచ్చేది 31 నుంచి సుమారు 50 మధ్య రీడింగులకు. కాగితాల లోపాలు మాత్రం ఏ రీడింగుకైనా వర్తిస్తాయి.

1. నేరం దేనితో రుజువవుతుందో ముందు తేల్చుకోండి

సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములకు మించి ఉండాలి. మించి అనే మాట ముఖ్యం. సరిగ్గా 30 వస్తే నేరం కాదు. ఆ పరిమాణం బ్రీత్ ఎనలైజర్ పరీక్షలో గానీ, ప్రయోగశాల పరీక్షతో సహా మరే పరీక్షలో గానీ తేలాలి. మొదటి నేరానికి 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రెండోసారైతే 2 సంవత్సరాల దాకా జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

కనుక "నేను తాగలేదు" అనో, "కొంచెమే తాగాను" అనో చేసే వాదన కేసుకు కేంద్రం కాదు. కేంద్రం ఆ అంకె. ప్రాసిక్యూషన్ నాలుగు సంగతులు చూపాలి: వాహనం నడిపింది (లేదా నడపబోయింది) మీరే, బహిరంగ స్థలంలో నడిపారు, పరీక్ష సెక్షన్ 203 ప్రకారం జరిగింది, రీడింగు 30 దాటింది.

సెక్షన్ 203లోని వివరణను మీ న్యాయవాదితో కలిసి ఒకసారి చదవండి. బ్రీత్ టెస్టు అంటే కేంద్ర ప్రభుత్వం గెజిట్ నోటిఫికేషన్ ద్వారా ఆమోదించిన రకం పరికరంతో చేసిన పరీక్ష అని అందులో ఉంది. దీని మీద మొదట ఎవరి దృష్టీ పోదు. సగం ప్రశ్నలు పుట్టేది అక్కడి నుంచే.

2. పరీక్ష జరిగిన రాత్రి

ఊదడానికి నిరాకరించవద్దు. సరైన కారణం చూపకుండా శ్వాస గానీ రక్తం గానీ ఇవ్వనంటే, ఆ నిరాకరణను ప్రాసిక్యూషన్‌కు బలం చేకూర్చే పరిస్థితిగా కోర్టు భావించవచ్చని సెక్షన్ 205 చెబుతోంది. వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం కూడా వస్తుంది. ఉబ్బసం వంటి ఇబ్బంది వల్ల ఊదలేకపోతే ఆ మాట అక్కడే చెప్పి, కాగితం మీద రాయించండి.

అక్కడే మర్యాదగా అడగాల్సినవి ఇవి:

- కొత్త మౌత్‌పీస్ మీ ముందే కవరు చింపి అమర్చమనండి.
- ఊదడానికి ముందు యంత్రం తెర మీద సున్నా ఉందో లేదో చూడండి.
- పావుగంటలోపు తాగినా, వాంతి అయినా, త్రేన్పు వచ్చినా, మౌత్‌వాష్ వాడినా, ఔషధం వేసుకున్నా ఆ మాట చెప్పి, 15 నిమిషాల తర్వాత మళ్లీ ఊదించమని కోరండి.
- స్లిప్పు ప్రతి తీసుకోండి. ఏకీభవించకపోతే సంతకం పక్కన "అభ్యంతరంతో" అని రాయండి.
- రక్త పరీక్ష కావాలంటే నోటితో కాదు, రాసి ఇవ్వండి.

స్లిప్పు విషయంలో ఒక జాగ్రత్త. అది థర్మల్ పేపరు. కారు డ్యాష్‌బోర్డు మీద నాలుగు రోజులు ఎండకు పడి ఉంటే అక్షరాలన్నీ మాసిపోతాయి. ఆ రాత్రే రెండు వైపులా ఫోటో తీసి, తెల్లవారగానే జిరాక్సు చేయించండి.

సొంతంగా రక్తం ఇచ్చి రావాలనుకునేవారు లెక్క తెలుసుకుని వెళ్లాలి. ఒంట్లోని ఆల్కహాలు గంటకు సుమారు 10 నుంచి 25 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. రాత్రి 10.40కి 38 వచ్చిన మనిషికి 12.40కి రక్తంలో 8 వస్తే యంత్రం తప్పినట్టు కాదు, రెండు గంటల్లో సహజంగా తగ్గినట్టే. అదే 11.10కల్లా ఆసుపత్రిలో రక్తం ఇచ్చి, అందులో ఆల్కహాలే లేదని తేలితే ఆ కాగితానికి విలువ ఉంటుంది. సూది గుచ్చే చోట స్పిరిటు దూదితో తుడవవద్దని నర్సుకు చెప్పండి. రక్తం తీసిన సమయాన్ని రిపోర్టులో వేయించండి.

3. మొదటి వారంలో సేకరించాల్సిన కాగితాలు

ఆ రాత్రి జరిగింది మరునాడే సమయాలతో సహా ఒక కాగితం మీద రాసుకోండి: ఏం తిన్నారు, ఎప్పుడు తాగారు, ఏ మందులు వేసుకున్నారు, ఎక్కడ ఆపారు, ఎన్నిసార్లు ఊదించారు, యంత్రం ఎవరి చేతిలో ఉంది. ఆరు నెలల తర్వాత సాక్షిని ప్రశ్నించేటప్పుడు మీ న్యాయవాదికి ఇదే ఆసరా.

సీసీ కెమెరా దృశ్యాలకు ఆలస్యం పనికిరాదు, వాటి మీద కొత్తవి వచ్చి పడుతుంటాయి. పక్కనున్న దుకాణం, పెట్రోలు బంకు, మీరు భోజనం చేసిన హోటలు వారికి రాతపూర్వకంగా విన్నవించండి. తనిఖీలో పోలీసులు తీసిన వీడియోను భద్రపరచమని స్టేషనుకు ఒక లేఖ ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి.

ఇక సమాచార హక్కు దరఖాస్తు. 10 రూపాయల రుసుముతో ప్రజా సమాచార అధికారికి పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. యంత్రం సీరియల్ నంబరుతో సహా ఇవి అడగండి:

- ఆ రకం పరికరానికి ఆమోదం తెలిపిన గెజిట్ నోటిఫికేషన్ ప్రతి
- పరీక్ష తేదీకి ముందు చేసిన చివరి క్యాలిబ్రేషన్ (యంత్రాన్ని సరిచూసి దిద్దడం) సర్టిఫికెట్, దాని తర్వాతి సర్టిఫికెట్
- మరమ్మతులు, సర్వీసింగు వివరాలున్న లాగ్‌బుక్కు
- ఆ రాత్రి ఆ యంత్రంలో జరిగిన పరీక్షల క్రమ సంఖ్యలు, రీడింగులు (ఇతరుల పేర్లు తీసేసి)
- యంత్రం వాడిన వ్యక్తి పొందిన శిక్షణ వివరాలు
- తయారీదారు ఇచ్చిన వాడుక పుస్తకం

విచారణకు ఆటంకమంటూ సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(హెచ్) కింద తిరస్కరించే అవకాశం ఉంది. అందుకే అవే పత్రాలను తెప్పించమని క్రిమినల్ విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 94 కింద కోర్టులోనూ పిటిషన్ వేయాలి. ఈ రెండూ ఒకేసారి నడవాలి. ఒకటి కాదన్నాక రెండోది మొదలుపెడితే నెలలు పోతాయి.

4. మొదటి వాయిదా: తొందరపడి ఒప్పుకోవద్దు

హైదరాబాదు నాంపల్లి కోర్టు ఆవరణలో వాయిదా రోజు పొద్దున చూస్తే కేసులు ఎక్కువ, సమయం తక్కువ. ఒప్పేసుకుంటే మధ్యాహ్నానికల్లా ఇంటికి పోవచ్చునని వరసలో ముందున్నవాళ్లే చెబుతుంటారు. గోషామహల్‌లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ పోలీసులు పెట్టే కౌన్సెలింగుకు కూర్చుని వచ్చాక ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువగా ఉంటుంది.

సెక్షన్ 185 రాజీకి వీలున్న సెక్షన్ 200 జాబితాలో లేదు. ఇది చలానా కట్టినట్టు కాదు. నేరం ఒప్పుకుంటే అది శిక్షగానే నమోదవుతుంది, మరోసారి దొరికితే రెండో నేరం అవుతుంది. అమెరికా వీసా దరఖాస్తులో అరెస్టులు, శిక్షల గురించి సూటిగా ప్రశ్న ఉంటుంది. విదేశాలకు వెళ్లాలనుకునే మన పిల్లలు కోర్టు మెట్లు దిగాక దీన్ని తెలుసుకోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. నేరాంగీకారం మీద పడిన శిక్షకు అప్పీలు కూడా దాదాపు ఉండదు, శిక్ష పరిమాణం, చట్టబద్ధత మీద తప్ప.

ఆ రోజు చేయాల్సిన పని ఇది:

- న్యాయవాదితో వకాలత్ వేయించండి.
- బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 230 కింద ఛార్జిషీటు, స్లిప్పు, సాక్షుల వాంగ్మూలాల ప్రతులు ఉచితంగా కోరండి.
- అదే చట్టం సెక్షన్ 274 కింద అభియోగం వినిపించి అడిగినప్పుడు, కాగితాలన్నీ చదవనిదే జవాబు చెప్పవద్దు, వాయిదా కోరండి.
- చదివాక సవాలు చేయాలనే నిర్ణయానికి వస్తే "నేరం చేయలేదు, విచారణ కోరుతున్నాను" అనండి.

చదివాక కూడా రీడింగు ఎక్కువగా ఉండి, కాగితాలన్నీ సరిగానే ఉంటే ఒప్పుకోవడమే మంచిదని మీ న్యాయవాది చెప్పవచ్చు. అది తెలిసి తీసుకునే నిర్ణయం, దానికి నా అభ్యంతరం లేదు. చదవకుండా ఒప్పుకోవడమే వద్దంటున్నాను.

5. స్లిప్పును అక్షరం అక్షరం చదవడం

ఛార్జిషీటులోని ప్రతిని, మీ దగ్గరున్న ఫోటోను పక్కపక్కన పెట్టుకోండి. పేరు, లైసెన్సు నంబరు, వాహనం నంబరు, పరీక్ష క్రమ సంఖ్య, యంత్రం సీరియల్ నంబరు, తేదీ, సమయం, బ్లాంక్ రీడింగు (మీరు ఊదకముందు యంత్రం చూపిన అంకె), చివరి క్యాలిబ్రేషన్ తేదీ, సంతకాలు: వీటిలో ప్రతిదాన్నీ మిగతా కాగితాలతో సరిపోల్చాలి.

ఒక కుర్రాడి కేసులో నా చేతికొచ్చిన స్లిప్పు మీద రీడింగు 37, సమయం రాత్రి 10.52. వాహనం ఆపిన సమయం మాత్రం పంచనామాలో 11.10 అని ఉంది. ఆపకముందే ఊదించడం సాధ్యం కాదు. యంత్రంలో గడియారం వెనక్కి ఉందని సాక్షి చెప్పారు. "అయితే ఆ యంత్రాన్ని చివరిసారి సరిచూసినప్పుడు గడియారం ఎందుకు దిద్దలేదు, సరిచూసిన కాగితం ఎక్కడుంది?" అన్నదే తర్వాతి ప్రశ్న. ఆ కాగితం ఫైలులో లేదు. పద్దెనిమిది నిమిషాల తేడాను పట్టుకున్నది నేను కాదు, ఆ కుర్రాడి తల్లి. ఆవిడ రాత్రంతా కూర్చుని రెండు కాగితాలూ చదివింది.

యూనిట్లు కూడా చూసుకోండి. 0.030 శాతం అన్నా, 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములన్నా ఒకటే. కొన్ని యంత్రాలు శ్వాసలో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపుతాయి. అందులో సుమారు 0.14 మన 30కి సమానం. ఛార్జిషీటు రాసేవారు ఒకదాన్ని మరొకటిగా రాస్తే అది మీరు పట్టుకోవాల్సిన తప్పు.

6. యంత్రం మీద వేయాల్సిన ప్రశ్నలు

మొదటిది ఆమోదం. ఈ మోడల్‌కు గెజిట్ నోటిఫికేషన్ ఉందా, ఉంటే కోర్టు ముందు పెట్టారా అన్నది చూడాలి.

రెండోది క్యాలిబ్రేషన్. తెలిసిన గాఢత గల ఆల్కహాలు ఆవిరిని యంత్రానికిచ్చి, అది సరైన అంకె చూపుతోందో లేదో చూసి దిద్దడమే ఈ పని. సెన్సారు రోజులు గడిచేకొద్దీ దారి తప్పుతుంది కాబట్టి ఎన్నాళ్లకోసారి దిద్దాలో వాడుక పుస్తకంలో ఉంటుంది. సర్టిఫికెట్టులో సీరియల్ నంబరు మీ స్లిప్పులోదేనా, గడువు పరీక్ష తేదీకి ముందే తీరిపోయిందా, పొరపాటు పరిమితి ఎంత రాశారు అన్నవి చూడండి. రీడింగు 33 అయి, అనుమతించిన తేడా మూడో నాలుగో మిల్లీగ్రాములైతే 30 దాటిందన్న మాటే సందేహంలో పడుతుంది.

మూడోది బ్లాంక్ టెస్టు. ముందు ఊదినవారి శ్వాస గొట్టంలో మిగిలిపోలేదని తేలాలంటే, మీరు ఊదకముందు యంత్రం సున్నా చూపాలి. 2025లో కేరళ హైకోర్టు ఒక కేసులో దీన్నే ప్రధానంగా తీసుకుని, ఎయిర్ బ్లాంక్ టెస్టులో సున్నా రాని యంత్రపు రీడింగు మీద నిలబెట్టిన సెక్షన్ 185 అభియోగాన్ని కొట్టివేసింది. వేరే రాష్ట్రపు హైకోర్టు తీర్పు మన మేజిస్ట్రేటు తప్పక పాటించాల్సింది కాదు, అయినా ఒప్పించడానికి బలమైన ఆధారం. వారాంతపు రాత్రుల్లో వరసగా వాహనాలు ఆపి ఒకే యంత్రంతో ఊదించే చోట ఈ ప్రశ్న ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

స్లిప్పు కాకుండా యంత్రం మెమరీ నుంచో కంప్యూటరు నుంచో తీసిన ప్రింటు దాఖలు చేస్తే, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేశారా అని అడగండి. లేకపోతే ఆ పత్రాన్ని గుర్తించే సమయంలోనే అభ్యంతరం నమోదు చేయించాలి. తుది వాదనల దాకా ఆగితే ఆలస్యమైందంటారు.

7. పరీక్ష జరిపిన తీరు

సెక్షన్ 203 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి గానీ, అధికారం పొందిన రవాణా శాఖ అధికారి గానీ పరీక్ష కోరాలి. బటన్ నొక్కింది, మౌత్‌పీస్ అమర్చింది ఎవరో వీడియోలో చూడండి. స్లిప్పు మీద ఎస్సై సంతకం ఉండి, యంత్రం హోంగార్డు చేతిలో ఉంటే ఆ సంగతి రికార్డులోకి రావాలి.

నోటిలో మిగిలిన ఆల్కహాలు రక్తంలో ఉన్నదాన్ని చెప్పదు. తాగిన వెంటనే, త్రేన్పు తర్వాత, ఆల్కహాలు కలిసిన సిరప్పు తాగిన తర్వాత కొద్ది నిమిషాలు రీడింగు ఎక్కువగా చూపుతుంది. సుమారు 15 నిమిషాల్లో అది పోతుంది. అందుకే ముందుగా పావుగంట గమనించి ఊదించడం, రెండోసారి ఊదించి పోల్చడం మంచి పద్ధతి. రెండు రీడింగులూ దగ్గర దగ్గరగా ఉంటే యంత్రం మీద నమ్మకం పెరుగుతుంది. మొదటిది 62, పావుగంట తర్వాత 12 అయితే మొదటిది నోటిలోదే. ఒక్కసారే ఊదించి వదిలేసిన కేసులో ఈ తనిఖీ జరగలేదని చూపండి.

అరెస్టు చేశారా లేదా అన్నది కూడా తేల్చుకోండి. అరెస్టు చేస్తే సెక్షన్ 203(5) కింద స్టేషనులో మళ్లీ ఊదే అవకాశం ఇవ్వాలి. సెక్షన్ 202 కింద రెండు గంటల్లోపు రిజిస్టర్డ్ వైద్యుడి చేత పరీక్ష చేయించాలి. ఇవి జరగకపోతే సెక్షన్ 202 చెప్పే ఫలితం విడుదల మాత్రమే, కేసు కొట్టివేత కాదు. అయినా రీడింగుకు తోడుగా నిలవాల్సిన వైద్య సాక్ష్యం లేకుండా పోయిందని వాదించవచ్చు. చాలా కేసుల్లో మనిషిని అరెస్టే చేయరు, వాహనం నిలిపి, నోటీసు ఇచ్చి పంపుతారు. అక్కడ ఈ సెక్షన్ల మీద వాదన కట్టవద్దు.

8. శాస్త్రాన్ని ఎంతవరకు వాడుకోవచ్చు

యంత్రం రక్తాన్ని కొలవదు. శ్వాసలోని ఆల్కహాలును కొలిచి, 2100 మిల్లీలీటర్ల శ్వాసలో ఉన్నంత ఆల్కహాలు ఒక మిల్లీలీటరు రక్తంలో ఉంటుందన్న సగటుతో హెచ్చవేస్తుంది. ఈ నిష్పత్తి మనిషికీ మనిషికీ మారుతుంది. ఒకరికి అది 1700 అయితే, 37 అని చూపిన రీడింగు వెనక అసలు రక్తంలో ఉన్నది 30. 60 చూపితే అసలు సుమారు 49, అంటే అప్పటికీ నేరమే. ఈ వాదన హద్దుకు దగ్గరగా ఉన్నవారికే ఎందుకు పనికొస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎదుటి పక్షం నిపుణుడు చెప్పబోయేదీ తెలుసుకుని ఉండాలి: సగటున ఆ నిష్పత్తి 2100 కన్నా కాస్త ఎక్కువే, అంటే యంత్రం చాలామందికి ఉన్నదానికన్నా తక్కువే చూపుతుంది. అందుకే దీన్ని ఒంటరిగా నిలబెట్టవద్దు. క్యాలిబ్రేషన్ లోపానికి తోడుగా వాడండి.

జ్వరంతో ఒంటి వేడి ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే రీడింగు సుమారు 6 నుంచి 9 శాతం పెరగవచ్చు. జ్వరం ఉన్నట్టు ఆ రోజు వైద్యుడి చీటీ ఉంటేనే ఈ మాట ఎత్తండి. మధుమేహ రోగుల శ్వాసలోని అసిటోన్‌ను ఫ్యూయల్ సెల్ సెన్సారున్న యంత్రం పెద్దగా పట్టించుకోదు. సెన్సారు ఏ రకమో తెలియకుండా "నాకు షుగరు ఉంది" అనడం వృథా.

ఆయుర్వేద ఆసవాలు, అరిష్టాలు, హోమియో టింక్చర్లు, కొన్ని దగ్గు సిరప్పులలో ఆల్కహాలు ఉన్న మాట నిజమే. కానీ మందు వల్ల రక్తంలో 30 దాటినా సెక్షన్ 185 మాటల ప్రకారం అది నేరమే. మందు వాదన నోటిలో మిగిలిన ఆల్కహాలుకే సరిపోతుంది. ఆర్టీసీ డ్రైవరు ఉద్యోగం తొలగింపు వంటి శాఖాపరమైన చర్యల్లో, ఎనలైజర్ రీడింగు ఒక్కటే చాలదన్న వాదనకు ఎక్కువ చోటు ఉంటుంది. అది వేరే దారి, దాన్ని ఇక్కడికి తీసుకురావద్దు.

9. పోలీసు సాక్షిని ప్రశ్నించే వరస

వరస తప్పితే సాక్షి మీ ఉద్దేశం పసిగట్టి ఖాళీలు పూరిస్తారు. ముందు ఆయన ఒప్పుకోక తప్పనివి అడిగించాలి: యంత్రం తాను తయారు చేసింది కాదని, దాని పనితీరుకు క్యాలిబ్రేషనే ఆధారమని, వాడుక పుస్తకంలోని పద్ధతి పాటించాలని. తర్వాత పత్రాలు: సర్టిఫికెట్ దాఖలు చేశారా, లాగ్‌బుక్కు తెచ్చారా. ఆ తర్వాత ఆ రాత్రి: ఎన్ని గంటలకు ఆపారు, ఎంతసేపు గమనించారు, బ్లాంక్ టెస్టు చేశారా, స్లిప్పులో అది ఎక్కడుంది. సమయాల తేడా చివరికి.

"ఎందుకు?" అనే ప్రశ్న వేయవద్దు. ఎందుకు గమనించలేదని అడిగితే గమనించామనే జవాబు వస్తుంది. "పావుగంట గమనించినట్టు పంచనామాలో ఒక్క వాక్యమైనా లేదు కదా?" అంటే జవాబు కాగితంలోనే ఉంటుంది.

వాసన వచ్చింది, తూలాడు, మాట తడబడింది అనే మాటలను వదిలేయకండి. అటువంటి లక్షణాలు మాత్రమే చూసి మద్యం తాగినట్టు తేల్చలేమని బచ్చుభాయి హసనల్లీ కరియానీ కేసులో సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. యంత్రం మీద నమ్మకం సడలిన చోట ప్రాసిక్యూషన్ పట్టుకునేది ఈ మాటలనే.

10. తరచూ చేసే పొరపాట్లు, వాటికి దిద్దుబాట్లు

- "రక్త పరీక్ష చేయలేదు కాబట్టి కేసు చెల్లదు" అనడం. సెక్షన్ 185 బ్రీత్ ఎనలైజర్‌నే నేరుగా గుర్తించింది. రక్త పరీక్షను రాసి కోరినా చేయలేదని చూపగలిగితేనే ఈ వాదనకు బలం.
- "అనుమానం లేకుండానే అందరినీ ఆపారు" అన్నదాన్నే ప్రధాన వాదన చేయడం. సెక్షన్ 203లో సహేతుకమైన అనుమానం అన్న మాట ఉంది, నిజమే. కానీ ఇదొక్కటే విడుదల తెస్తుందని ఆశ పెట్టుకోవద్దు.
- ఒకచోట తాగలేదని, మరోచోట ఆల్కహాలున్న ఔషధం వేసుకున్నానని చెప్పడం. ముందు రాసుకున్న కాగితం ప్రకారమే, ఒకే మాట చెప్పండి.
- స్నేహితుల చేత "మావాడు తాగడు" అని సాక్ష్యం ఇప్పించడం. హోటలు బిల్లు, మందుల చీటీ, ఆసుపత్రి రిపోర్టు, కెమెరా దృశ్యం అంతకన్నా నయం.
- వాహనం విడిపించుకోవడానికి చదవని కాగితాల మీద సంతకం చేయడం. ఈ కేసుల్లో వాహనాన్ని జప్తు చేసి అట్టేపెట్టుకునే అధికారం పోలీసులకు లేదని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది. తాగని లైసెన్సుదారు గానీ బంధువు గానీ వస్తే అప్పగించాలి.

11. తీర్పు తర్వాత, లైసెన్సు సంగతి

శిక్ష పడితే 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు వేయాలి. జైలు శిక్ష పడితే అదే రోజు, అదే కోర్టులో శిక్ష నిలుపుదలకు బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 430 కింద దరఖాస్తు సిద్ధంగా ఉంచుకోండి. తీర్పు రోజున అది ముందే టైపు చేయించి న్యాయవాది సంచిలో ఉండాలి. సంక్షిప్త విచారణ (సమ్మరీ ట్రయల్) జరిగి ఉంటే 3 నెలలకు మించి జైలు వేయడానికి వీల్లేదన్నది గుర్తుంచుకోండి.

లైసెన్సు మీద చర్య కోర్టు కేసుతో పాటే నడుస్తుంది. పోలీసులు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 206 కింద లైసెన్సు తీసుకుని రవాణా శాఖకు పంపితే, సెక్షన్ 19 కింద అనర్హత ఉత్తర్వుకు ముందు మీ వాదన వినాలి. ఆ నోటీసును పక్కన పడేయడం చాలా ఇళ్లలో చూస్తున్నాను. గడువులోపే జవాబు రాసి, కోర్టులో విచారణ పెండింగులో ఉందని, రీడింగును సవాలు చేశామని, క్యాలిబ్రేషన్ పత్రం కోసం పిటిషన్ వేశామని ప్రతులతో సహా జతచేయండి. ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే, అది అందిన 30 రోజుల్లోపు సెక్షన్ 19(3) కింద అప్పీలుకు వెళ్లండి.